పేరు ఒక్కటే, మనుషులు ఎందరో: గొడవంతా ఆ జాబితా కోసమే

మళ్ళీ అదే గొడవ మొదలైంది. ఒకే మారుపేరుని చాలామంది పంచుకుని వాడుకోవచ్చా, లేక ఆ పేరు వెనక ఉన్న ప్రతి మనిషీ ముందే తన అసలు పేరు, గుర్తింపు కార్డు ఎక్కడో ఒకచోట నమోదు చేయించుకోవాలా అని. నమోదు కావాలనేవాళ్ళ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. బయటికి ఏ పేరైనా పెట్టుకోండి, లోపల మాత్రం ఒక జాబితా ఉండనివ్వండి, తప్పు జరిగితేనే దాన్ని తెరుస్తాం అంటారు. ఈ కథనమంతా ఆ జాబితా గురించే. కలం పేర్లు ఎప్పుడు పుట్టాయి, ముసుగులు ఎవరు ఎందుకు వేసుకున్నారు అనే పాత కథల జోలికి పోను, అవి అందరికీ తెలిసినవే. నన్నడిగితే ఈ గొడవ మొత్తం అర్థం కావాలంటే ఒక్క రోజు దగ్గర ఆగితే చాలు. 1972 మే 3, బుధవారం, షికాగో.

అప్పట్లో ఇల్లినాయ్ రాష్ట్రంలో అబార్షన్ నేరం. అయినా అవసరం ఆగదు కాబట్టి ఆడవాళ్ళు దొంగచాటుగా ఎవరెవరి దగ్గరికో వెళ్ళేవాళ్ళు, డబ్బు పోగొట్టుకునేవాళ్ళు, ఒంట్లో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రుల్లో పడేవాళ్ళు, కొందరు తిరిగి రాలేదు కూడా. 1965లో హెదర్ బూత్ అనే యూనివర్సిటీ విద్యార్థిని ఒక స్నేహితుడి సోదరికి నమ్మకమైన డాక్టర్ని వెతికిపెట్టింది. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదని 1969 నాటికి అదొక బృందంగా మారింది. పత్రికల్లో చిన్న చిన్న ప్రకటనలు వేసేవాళ్ళు. గర్భం వచ్చిందా, వద్దనుకుంటున్నారా, జేన్‌కి ఫోన్ చేయండి అని.

జేన్ అనే మనిషి లేదు. అసలు విషయం అదే. ఎత్తింది ఎవరైనా జేనే. ఫోన్‌కి తగిలించిన రికార్డింగ్ మెషీన్‌లో మీ పేరు, నంబరు చెప్పండి, మేమే తిరిగి ఫోన్ చేస్తాం అని వినిపించేది, తర్వాత ఒకామె నిజంగానే చేసేది. ఆ పని వంతులవారీగా ఎవరు చేస్తే వాళ్ళు కాల్‌బ్యాక్ జేన్. ఏ కేసు ఎవరు చూసుకోవాలో తేల్చే ఆమె బిగ్ జేన్. ఫోన్లో చెప్పిందంతా ఒక చిన్న కార్డు మీద రాసేవాళ్ళు: పేరు, వయసు, ఎన్ని వారాలు, ఎక్కడికి ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్ళు ఎత్తకుండా ఉంటారు. బృందం సమావేశమైనప్పుడు ఆ కార్డులు చేతులు మారేవి, ఒక్కొక్కరు కొన్ని తీసుకునేవాళ్ళు, ఎవరూ తీసుకోని కార్డు మళ్ళీ తిరిగేది. వచ్చినవాళ్ళు ముందు ఒక ఇంట్లో కూర్చునేవాళ్ళు, దాన్ని ఫ్రంట్ అనేవాళ్ళు. అక్కడినుంచి కారులో వేరే ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు, దాని పేరు ప్లేస్. ఫ్రంట్‌లో కూర్చున్న తోడువాళ్ళకి ప్లేస్ ఎక్కడుందో తెలియదు.

కొన్నాళ్ళకి వాళ్ళకి ఒక నిజం తెలిసింది. తాము నమ్మిన డాక్టరు డాక్టరే కాదు. లైసెన్సు లేదు, చేతిలో పని మాత్రం ఉంది. కొందరు ఆ మాట తట్టుకోలేక బృందం వదిలేశారు. మిగిలినవాళ్ళు, అతను చేయగలిగితే మేమెందుకు చేయలేం అని ఆ పని నేర్చుకున్నారు. దాంతో వందల డాలర్లు పలికిన ఖర్చు 100 డాలర్ల దరిదాపుల్లోకి దిగింది, అదీ లేనివాళ్ళు ఉన్నంత ఇచ్చేవాళ్ళు.

ఇక ఆ బుధవారం. ఒకామె దగ్గరి బంధువులు పోలీసులకి ఫిర్యాదు చేశారు. హత్యల విభాగం డిటెక్టివ్‌లు లేక్ మిషిగన్ ఒడ్డున ఉన్న ఒక ఎత్తైన భవనంలో ప్లేస్ తలుపు తట్టారు. లోపలికి వచ్చి మొదట అడిగింది, డాక్టరు ఎక్కడ అని. గది గది వెతికారు. మగ మనిషి కోసం, ఈ వ్యవహారమంతా నడిపించే ఆ ఒక్కడి కోసం. అక్కడున్నది ఆడవాళ్ళే. వాళ్ళలో ఎవరు చికిత్స కోసం వచ్చారో, ఎవరు చేసేవాళ్ళో కూడా పోలీసులకి మొదట అర్థం కాలేదు. చివరికి ఏడుగురిని అరెస్టు చేశారు.

వాళ్ళలో ఒకామె చేతిసంచిలో ఆ రోజు కార్డులున్నాయి. పోలీసు వ్యాన్‌లో కూర్చుని, ఒక్కో కార్డు మీద పేరు, చిరునామా ఉన్న మూల చింపి, తలా కొన్ని పంచుకుని నమిలి మింగేశారు. అట్ట ముక్క, సిరా, నోట్లో తడి ఆరిపోయేంత టెన్షన్. తమ పేర్లు దాచుకోవడం వాళ్ళ చేతుల్లో లేదు, వాళ్ళు అప్పటికే దొరికిపోయారు. వాళ్ళు మింగింది తమను నమ్మి ఫోన్ చేసిన వేరేవాళ్ళ పేర్లు.

ఉమ్మడి పేరు గురించి ఇప్పుడు జరుగుతున్న వాదనలో ఈ సంగతి ఎక్కడా వినపడదు. పేరు వెనక దాక్కున్నారు అనే మాటే వినపడుతుంది. జేన్ అనే పేరు రెండు గొడుగులు పట్టింది, పనిచేసేవాళ్ళకి ఒకటి, ఫోన్ చేసేవాళ్ళకి ఇంకొకటి. ఆ రెండో గొడుగు పోయేది ఎప్పుడంటే, జాబితా పరాయి చేతికి చిక్కినప్పుడు.

పోలీసులు అడిగిన ప్రశ్న కూడా కొత్తదేం కాదు. అంతకు 160 ఏళ్ళ ముందు ఇంగ్లండ్ ప్రభుత్వం అచ్చం అదే అడిగింది. 1811 నుంచి నాటింగమ్ చుట్టుపక్కల మేజోళ్ళు అల్లే మగ్గాలు పగులుతున్నాయి, యజమానులకి నెడ్ లడ్ పేరుతో, జనరల్ లడ్ పేరుతో ఉత్తరాలు వస్తున్నాయి, కొన్నిటి కింద చిరునామా షేర్‌వుడ్ అడవి. లడ్ పేరు పెట్టుకున్న ఈ లడ్డైట్లు యంత్రాలంటే గిట్టని మొద్దులు అనే మాట బాగా పాతుకుపోయింది గాని అది తప్పు. చాలామంది పనితనం ఉన్న నేతగాళ్ళు, వాళ్ళ గొడవ కూలి గురించి, నాసిరకం సరుకు గురించి. ఆ లడ్ ఎవడో పట్టుకుంటే చాలు, అంతా చల్లారిపోతుందని అధికారుల నమ్మకం. 12 వేల మంది దాకా సైన్యాన్ని ఆ ప్రాంతాల్లో దింపారు. లడ్ దొరకలేదు, ఉంటే కదా దొరకడానికి. 1812లో మగ్గం పగలగొడితే ఉరి అని చట్టం తెచ్చారు. ప్రభువుల సభలో కవి బైరన్ తన మొదటి ప్రసంగంలోనే దాన్ని వ్యతిరేకించాడు, అయినా ఆగలేదు. అదే ఏడాది, నేరాలకి కట్టుబడతామని రహస్యంగా ప్రమాణం చేయించడాన్ని కూడా ఉరి నేరం చేశారు. ఎందుకంటే పేరు దొరకనప్పుడు పట్టుకోవాల్సింది ప్రమాణం చేసినవాళ్ళ జాబితాని. అదెక్కడా కాగితం మీద లేదు, మనుషుల బుర్రల్లో ఉంది. చివరికి అలాగే బయటికి వచ్చింది. 1813 జనవరిలో యార్క్‌లో 17 మందిని ఉరి తీశారు, అందులో ముగ్గురి మీద సాక్ష్యం చెప్పింది వాళ్ళతో కలిసి వెళ్ళినవాడే.

ఆ ముగ్గురి మీద ఉన్నది హత్య కేసు, దాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పకూడదు. 1812 ఏప్రిల్‌లో విలియం హార్స్‌ఫాల్ అనే మిల్లు యజమానిని దారి కాచి కాల్చి చంపారు. 1830లో కెప్టెన్ స్వింగ్ పేరుతో దక్షిణ ఇంగ్లండ్ రైతులకి ఉత్తరాలు వెళ్ళినప్పుడు కూడా, నూర్పిడి యంత్రం తీసేయకపోతే గాదెలు తగలబెడతాం అనే బెదిరింపు వట్టి మాట కాదు, నిజంగానే తగలబడ్డాయి. నమోదు కావాలనేవాళ్ళు ఇవే చూపిస్తారు. ఒక్కడైతే జంకుతాడు, అందరికీ ఒకే పేరుంటే గుంపులో గోవిందా అంటారు, పాపం పంచుకుంటే తలా పిడికెడే అనుకుంటారు అని. మనిషన్నవాడు ఒప్పుకోవాల్సిన మాటే ఇది. కాకపోతే స్వింగ్ కేసుల్లో 19 మందిని ఉరి తీసి, దాదాపు 500 మందిని ఆస్ట్రేలియా వైపు ఓడలెక్కించినప్పుడు, ఉత్తరాలు రాసింది ఎవరో, యంత్రం పగలగొట్టింది ఎవరో, ఊరికే గుంపులో నడిచింది ఎవరో తేల్చే ఓపిక కోర్టులకి లేకపోయింది. పేరు అందరిదీ అయితే శిక్ష కూడా దొరికినవాడికే పడుతుంది. అది ఆ పేరుని ఎంచుకున్నవాళ్ళు మోసే బరువు. దాన్ని బాధ్యత లేకపోవడం అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

మన కాలంలో ఈ వాదనకి ఊపిరి పోసింది అనానిమస్. 2003లో మొదలైన ఫోర్‌చాన్ అనే వెబ్‌సైటులో పేరు రాయకపోతే ఆ గడిలో అనానిమస్, అంటే పేరు లేనివాడు, అని దానంతటదే పడేది. జేన్‌కీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే పట్టుకోవాలి. జేన్ కావాలంటే ఒక సమావేశానికి వెళ్ళాలి, కార్డు చేతిలోకి తీసుకోవాలి, అవతల ఆమెకి ఫోన్ చేయాలి. అనానిమస్ కావాలంటే ఏమీ చేయక్కర్లేదు. 2008లో సైంటాలజీ సంస్థకి వ్యతిరేకంగా గై ఫాక్స్ ముసుగులతో ఊరూరా వీధుల్లోకి వచ్చినవాళ్ళదీ అదే పేరు, కేవలం సరదాకి పక్కవాడి బతుకు నాశనం చేసినవాళ్ళదీ అదే పేరు. 2011 ఫిబ్రవరిలో ఒక సెక్యూరిటీ కంపెనీ అధికారి, వీళ్ళ నాయకులెవరో నేను కనిపెట్టాను, నా దగ్గర జాబితా ఉంది అన్నాడు. వెంటనే ఆ కంపెనీ సర్వర్లలోకి చొరబడి ఈమెయిల్స్ అన్నీ బయట పడేశారు, ఆ జాబితాలో సంబంధం లేనివాళ్ళ పేర్లు ఉన్నాయని కూడా చెప్పారు. అదే ఏడాది జూన్‌లో సాబు అనే పేరుతో ముందుండి నడిపిన మనిషి ఎఫ్‌బీఐకి దొరికి, ఆ వెంటనే వాళ్ళకే సహకరించడం మొదలుపెట్టాడు. నెలల తరబడి మిగతావాళ్ళు అతనితో మామూలుగానే మాట్లాడారు. 2012 మార్చిలో అరెస్టులు జరిగాక గాని తెలియలేదు. యార్క్‌లో జరిగిందే మళ్ళీ జరిగింది. అప్పుడు మనిషి బుర్ర, ఇప్పుడు చాట్ లాగ్‌లు.

అంటే చట్టం చేతిలో దారి ఎప్పుడూ ఉంది. సాక్షులున్నారు, వారెంట్లున్నాయి, ఓపిగ్గా వెంటాడే పద్ధతులున్నాయి. అందరి పేర్లూ ముందే రాసి పెట్టుకోవాలి అనే అవసరం ఈ రెండు సందర్భాల్లోనూ కనపడదు.

చదువుకున్నవాళ్ళ లోకంలో ఇదే గొడవ ఇంకో రూపంలో నడిచింది. నికొలా బూర్బకి అనే గణిత శాస్త్రవేత్త లేడు. 1930ల మధ్యలో కొందరు ఫ్రెంచి కుర్ర గణితజ్ఞులు కలిసి ఆ పేరుతో పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. ఒకరు రాసుకొచ్చింది అందరి ముందూ గట్టిగా చదవాలి, ఎవరైనా ఒక్కరు కాదంటే ఆగిపోతుంది, చించేసి ఇంకొకరు మళ్ళీ మొదలుపెట్టాలి. 50 ఏళ్ళు దాటితే బృందం నుంచి తప్పుకోవాలి. ఒక పేజీకి అంత జవాబుదారీతనం సొంత పేరుతో రాసేవాళ్ళలో ఎంతమందికి ఉంటుంది? 1940ల చివర్లో బూర్బకి పేరుతో అమెరికన్ మేథమెటికల్ సొసైటీలో సభ్యత్వానికి దరఖాస్తు వెళ్తే, వ్యక్తిగా కుదరదు, సంస్థగా చేరండి అన్నారు. లెక్కల్లో పట్టు చూసి కాదు, ఒక పేరుకి ఒక ఒళ్ళు ఉండాలి అనే నియమం చూసి.

2020లో ఫ్రాన్స్‌లోనే పరిశోధన చట్టాల మీద నిరసనగా కమీయ్ నూస్ అనే పేరు పుట్టింది, పరిశోధన ఒక్కడి సొత్తు కాదు అని చెప్పడానికి నిజమైన రచయితల పక్కన ఆ పేరు కూడా చేర్చేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి 180 దాకా వ్యాసాల మీద కనపడింది. కొన్ని పత్రికలు ఒప్పుకోలేదు, వ్యాసం మీద సంతకం అంటే దానిలో ఉన్నదానికి పూచీ అన్నారు. ఇక్కడ నేను పత్రికల పక్షమే. దాక్కోవాల్సిన ప్రమాదం లేనిచోట, పక్కనే అసలు పేర్లన్నీ ఉన్నచోట, ఉమ్మడి పేరు కాపాడేది ఎవరినీ లేదు.

లోపల జాబితా ఉండనివ్వండి అనే ప్రతిపాదనకి మంచి ఉదాహరణ కూడా ఒకటుంది, దాన్ని ఆ పక్షంవాళ్ళు ఎందుకు చెప్పరో తెలియదు. హాలీవుడ్‌లో ఆలన్ స్మితీ. 1969లో వచ్చిన ఒక కౌబాయ్ సినిమాకి ఇద్దరు దర్శకులు పనిచేసి ఇద్దరూ తమ పేరు వద్దన్నారు, అప్పుడు దర్శకుల సంఘం ఈ పేరు పుట్టించింది. తర్వాత ముప్పై ఏళ్ళు, సినిమా తన చేయి దాటిపోయిందని సంఘం ముందు నిరూపించుకున్న దర్శకుడికి ఆ పేరు ఇచ్చేవాళ్ళు, కారణం బయట చెప్పకూడదని షరతు. అసలు పేర్లు సంఘానికి తెలుసు. అది చాలాకాలం నడిచింది కూడా. ఎందుకు నడిచిందంటే ఆ జాబితా దర్శకుల సొంత సంఘం దగ్గర ఉంది కాబట్టి, నిర్మాత దగ్గర కాదు.

పరాయి చేతిలో పెడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 2007లో అక్కడ పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే అసలు గుర్తింపు నిరూపించుకోవాలి అని చట్టం వచ్చింది. బయటికి మారుపేరే, లోపల అసలు పేరు, ఇప్పుడు అడుగుతున్నది అచ్చం ఇదే. 2011 జులైలో అక్కడి ఒక పెద్ద పోర్టల్ సర్వర్లలోకి చొరబడి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. ఆ దేశ జనాభా అప్పటికి 5 కోట్లు. 2012 ఆగస్టు 23న రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగ్గంత తగ్గినట్టు లేదనీ, జనం విదేశీ సైట్లకి తరలిపోయారనీ తీర్పులో ఉంది. ఐదేళ్ళు ఒక దేశం మొత్తం చేసి చూసిన పనిని, ఇంతవరకు ఎవరూ చేయని కొత్త ఆలోచనలా మన ముందు పెడుతున్నారు.

పైగా జాబితా లేకపోయినా మనిషిని పట్టే దారి ఇంకొకటి పెరుగుతోంది, రాసే తీరు. 1787, 88లలో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ పబ్లియస్ పేరుతో 85 వ్యాసాలు వచ్చాయి, రాసింది హామిల్టన్, మాడిసన్, జే. వాటిలో 12 వ్యాసాలు నావంటే నావని హామిల్టన్ జాబితా ఒక రకంగా, మాడిసన్ జాబితా ఒక రకంగా చెప్పాయి. 1964లో మాస్టెలర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ఆ వ్యాసాల్లో పెద్ద పెద్ద ఆలోచనలు వదిలేసి చిన్న చిన్న మాటలు లెక్కపెట్టారు. హామిల్టన్ వెయ్యి మాటలకి మూడుసార్లు దాకా 'అపాన్' అంటాడు, మాడిసన్ దాదాపు అననే అనడు. ఒకే అర్థానికి హామిల్టన్ 'వైల్' అంటే, మాడిసన్ 'వైల్‌స్ట్' అంటాడు. ఆ 12 మాడిసన్‌వే అని తేల్చారు. ఆ లెక్క అప్పట్లో ఏళ్ళ తరబడి పట్టింది, ఇప్పుడు మామూలు కంప్యూటర్‌కి క్షణాల పని. కాబట్టి పంచుకున్న పేరు అభేద్యమైన కోట అని ఇప్పుడు ఎవరూ భయపడక్కర్లేదు. నిజానికి దాని వెనకున్నవాళ్ళకే ఇప్పుడు రక్షణ తక్కువ.

జేన్ ఇవాళ ఉంటే ఆ కార్డులు కార్డులుగా ఉండవు. ఫోన్ నంబరు కంపెనీ దగ్గర, మెసేజ్ ఇంకో కంపెనీ దగ్గర, ఏ ఇంటికి ఎన్ని గంటలకి వెళ్ళారో మూడో చోట. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు, అబార్షన్‌ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పుని కొట్టేశాక చాలా రాష్ట్రాల్లో అబార్షన్ మళ్ళీ నేరం అయింది, ఆ వారంలోనే ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న జాగ్రత్త, ఫోన్లలో ఏముందో చూసుకోండి, నెలసరి లెక్కపెట్టే యాప్‌లు తీసేయండి అని. నమోదు కావాలనేవాళ్ళు ఇది కూడా ఒకసారి చదవాలి. తప్పు జరిగితేనే తెరుస్తాం అనే మాటలో తప్పు అంటే ఏమిటో నిర్ణయించేది ఆ రోజుకి ఉన్న చట్టం. ఒక తీర్పుతో అది మారిపోతుంది, రాసి పెట్టిన జాబితా మారదు.

షికాగోలో అరెస్టయిన ఆ ఏడుగురి కేసు విచారణకి రాలేదు. వాళ్ళ లాయరు వాయిదాల మీద వాయిదాలు వేయించింది. 1973 జనవరి 22న రో వర్సెస్ వేడ్ తీర్పు వచ్చింది, ఆ తర్వాత అభియోగాలు ఎత్తేశారు. ఆ ఏడాదే జేన్ ఫోన్ కూడా ఆగిపోయింది, ఇక అవసరం లేదని. అప్పటికి వాళ్ళ చేతుల మీదుగా సుమారు 11 వేల అబార్షన్లు జరిగి ఉంటాయని అంచనా. ఆ ఏడుగురి పేర్లు పేపర్లలో వచ్చాయి. వ్యాన్‌లో మింగినవి ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.